బావమరిది కారూ, బీమావాళ్ల కారూ

కారు కొన్న తెలుగువాడు దాన్ని షోరూమ్ నుంచి నేరుగా ఇంటికి తెచ్చిన దాఖలా లేదు. ముందు గుడికి పోయి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాడు. అట్నుంచి అటే యాక్సెసరీస్ షాపుకి. అంతమంది ఇంజినీర్లు ఏళ్ల తరబడి కూర్చుని తయారుచేసిన బండిలో ఎన్ని లోపాలున్నాయో ఆ షాపులో కుర్రాడు చెప్తేగానీ తెలియదు.

బిగించిన ప్రతిదాన్నీ ఊరంతా చూపిస్తాం. కొత్త హారనైతే చూపించక్కర్లేదు, అదే చెప్పుకుంటుంది. పక్కింటివాళ్లకీ, ఆఫీసువాళ్లకీ, పెళ్లిలో కనబడ్డ వేలువిడిచిన మేనమామకీ ధరతో సహా తెలుస్తుంది. తెలియనిది ఒక్క ఇన్సూరెన్స్ కంపెనీకే. రేపు ఏమన్నా అయితే డబ్బులిమ్మని అడిగేది మాత్రం వాళ్లనే, మేనమామని కాదు.

కంపెనీవాడికి తెలిసిన కారు కాగితం మీది కారు. రంగు ఇది, ఇంధనం ఇది, సీట్లు ఇన్ని అని ఆర్‌సీలో ఏముంటే అదే. ఆ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ ఇంకాస్త గట్టిగా చెప్తుంది: అనుమతి లేని మార్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకూ' అన్న ముక్క రాసినవాళ్లు మా బావమరిది కారు చూసే రాసుంటారని నా అనుమానం.

ముందు బుల్ బార్, అదే బంపరుకి అడ్డంగా బిగించే ఇనప కమ్మీ. 2017 డిసెంబరులో కేంద్రం వద్దంది. గుద్దినప్పుడు దెబ్బని బంపరు కాచుకోకుండా అది ఛాసిస్‌కి పంపిస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి కాళ్లూ విరగ్గొడుతుంది. "బండికి నిండుతనం వచ్చింది బావా" అన్నాడు వీడు. లోపల, కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బులు పీకేసి 100/90 వాట్లవి. రిలే వేయించుకోమని మెకానిక్ చెప్తే, దానికి వేరే డబ్బులన్నాడని మానేశాడు. ఆ బల్బులకి కావాల్సిన కరెంటంతా సన్నటి పాత వైర్లలోంచే రావాలి.

ఏలూరు రోడ్డు మీద ఒక రాత్రి బానెట్ లోంచి పొగొచ్చింది. మనుషులకేం కాలేదు. బండిని విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి చేర్చారు. బీమా కంపెనీ పంపిన సర్వేయరు వచ్చాడు. మాట తక్కువ మనిషి. ఫోన్ లైటు వేసి హెడ్‌లైటు వెనక కనెక్టర్ చూశాడు. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్కు కరిగి, మాడిన అప్పడంలా వంకర తిరిగుంది.

"ఈ బల్బులు కంపెనీవేనా సార్?"

"కంపెనీవేనండి. వేరే కంపెనీవి."

సర్వేయరు ఫొటో తీసుకుని డిక్కీ తీయమన్నాడు. అత్తగారు పంపిన బియ్యం బస్తా పక్కకి జరిపితే సీఎన్‌జీ సిలిండరు.

"ఆర్‌సీలో పెట్రోల్ అని మాత్రమే ఉందే?"

"పెట్రోలు మీద కూడా నడుస్తుందండి."

వైరింగు క్లెయిము రాలేదు. నాకైతే అందులో అన్యాయం కనబడలేదు. ఆ బల్బులే ఆ వైర్లని కాల్చాయి. అదే వెనక నుంచి ఆటో గుద్దిన కేసులో బల్బుల వంక పెట్టి ఎగ్గొడితే మాత్రం నేనూ బావమరిదితో కలిసి కోర్టుకెళ్లేవాణ్ణి. సొంతానికని బీమా చేయించిన కారుని బాడుగకి తిప్పిన కేసులో 2010లో సుప్రీంకోర్టు, షరతు తప్పినంత మాత్రాన క్లెయిము మొత్తం కొట్టెయ్యకూడదు, కొంతైనా ఇవ్వాలంది.

పాడైన పార్టు తీసేసి అలాంటిదే ఇంకోటి వేయించుకోవడం వేరే సంగతి. అది మార్పు కిందికి రాదు, పాలసీకి దానివల్ల వచ్చే ముప్పూ లేదు, బిల్లు దాచుకుంటే చాలు. ఎటొచ్చీ ఆటోనగర్‌లో బ్రేక్ ప్యాడ్లడిగితే "ఒరిజినలా, డూప్లికేటా, డూప్లికేట్‌లో ఒరిజినలా?" అంటారు. మూడోదేమిటో అడిగే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.

అసలు కడుపుమంట క్లెయిములో కోసే తరుగు (డిప్రిసియేషన్) దగ్గర. అద్దం పగిలితే తరుగు లేదు. ఇనప సామానుకి బండి వయసుని బట్టి: ఆరు నెలల లోపు ఏమీ లేదు, అయిదేళ్లు దాటితే 40 శాతం, పదేళ్లు దాటితే సగం. ప్లాస్టిక్కు, రబ్బరు, టైర్లు, బ్యాటరీలకి మాత్రం వయసుతో పని లేదు, మొదటి రోజు నుంచే సగం. బంపరు ప్లాస్టిక్కు. ఆ దేవుడు బంపరుని పుట్టించిందే గుద్దించుకోవడానికి, దానికేమో సగమే! ఇది పడలేనివాళ్ల కోసమే 'జీరో డిప్' అని ఇంకో ప్రీమియం పెట్టారు.

దెబ్బకి మావాడు దారికొచ్చాడు. బుల్ బార్ పీకించాడు. సీఎన్‌జీ కిట్టుని ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించాడు. సిలిండరుకి మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్టు తేదీ ఫ్రిజ్ మీద అంటించాడు. రెన్యువల్‌కి ఏజెంటుని ఇంటికే పిలిచి, ఈసారి ఏదీ దాచనని మాటిచ్చి, చెప్పుకుంటూ పోయాడు. కిట్టు 60,000. మ్యూజిక్ సిస్టమ్ 45,000. కంపెనీ సైజులోనే అల్లాయ్ వీల్స్ 38,000. సీటు కవర్లూ గట్రా 12,000.

"కిట్టుకీ, మ్యూజిక్ సిస్టమ్‌కీ నూటికి నాలుగు రూపాయలు చొప్పున అదనంగా పడుతుందండి" అన్నాడు ఏజెంటు. "మొత్తం సామాన్లు 1,55,000. బండి పాతదైపోయింది కదా, బీమాకి లెక్కగట్టే దాని విలువ, అదే ఐడీవీ, 1,40,000 వస్తోంది."

బావమరిది కాసేపు లెక్క చూసుకున్నాడు.

"అయితే ఏజెంటుగారూ, కారు తీసేసి సామాన్లకి మాత్రం చేయించుకోవచ్చాండీ?"