రక్షిత కట్టడం: ఇచ్చట కత్తెర నిషేధం

ఇక కనండి అన్నారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి గారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన కూడా ఉందని 2024లో చెప్పారు. ముప్ఫై ఏళ్ళపాటు మూడో బిడ్డ పుడితే సర్పంచ్ కుర్చీ దక్కేది కాదు. రేపు ఆ మూడో బిడ్డను చంకనేసుకుని వస్తేనే నామినేషన్ తీసుకుంటారన్నమాట. మంచిదే. కనేముందు ఒకసారి సామాను సరిచూసుకుందాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత తీయండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళలోపు పెళ్ళైన ఆడవాళ్ళలో నూటికి సుమారు 70 మందికి కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ అయిపోయింది. తెలంగాణలోనూ 60 దాటింది. మరి మగవాళ్ళ ఆపరేషన్లు? దేశం మొత్తమ్మీద నూటికి 0.3. ఆ పాయింట్ మూడు మగాడిలో ఏ భాగం ఆస్పత్రికి వచ్చిందో సర్వేవాళ్ళు రాయలేదు. రావలసిన భాగం మాత్రం ఇంట్లోనే ఉండిపోయినట్టుంది.

అప్పుడు అర్థమైంది నాకు. మగవాడి శుక్రవాహికలు రక్షిత కట్టడాలు! గోల్కొండ, లేపాక్షి, వేయిస్తంభాల గుడి సరసన పురావస్తు శాఖ వాటినీ ఎక్కించుకుంది, నీలం బోర్డు పెట్టడానికే చోటు దొరికుండదు. చట్టప్రకారం కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆశా కార్యకర్త మీ వీధి మలుపు తిరగ్గానే మీ ఇంటాయనకు చేలో పని గుర్తుకొచ్చిందంటే, ఆవిడ నియంత్రిత ప్రాంతంలో అడుగు పెట్టిందని లెక్క.

సందర్శకుల కోసం కట్టడం వివరాలు: సంఖ్య రెండు. ఒక్కొక్కటి అడుగుకు అటూఇటూ పొడవు. లోపలి దారి సుమారు అర మిల్లీమీటరే. వృషణాల తిత్తిలో చర్మం కిందే వేలికి తగిలేంత పైపైన ఉంటాయి. చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ 1974లోనే కోతా కుట్టూ లేని పద్ధతి కనిపెట్టాడు. అక్కడి వరకే మత్తు, చిన్న రంధ్రం, ఇరవై నిమిషాల పని, అదే రోజు ఇంటికి. ఆ తర్వాత మూడు నెలలు నిరోధ్ వాడి, ఒకసారి వీర్యపరీక్ష చేయించుకుంటే సరి. ఆడవాళ్ళ నాళాలో? పొట్ట లోపల, గర్భాశయానికి అటొకటి ఇటొకటి. పెరట్లో కుళాయి కట్టేస్తే పోయేదానికి నట్టిల్లు తవ్వి పైపు కోసినట్టు.

అయినా కట్టడం మీద చెయ్యి వేస్తే మగతనం కూలిపోతుందని ఐతిహ్యం. కూలదు బాబూ. మగతనానికి మూలమైన టెస్టోస్టిరాన్ ఆ గొట్టాల్లోంచి పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. వీర్యంలో శుక్రకణాల వాటా నూటికి అయిదుకు అటూఇటూ. మిగతాది దాదాపు అంతా ప్రోస్టేటు, వీర్యకోశాల సరఫరా. అయిదు ఆగితే తెలిసేది సూక్ష్మదర్శినికే. పడగ్గదికి తెలియదు.

ఇవన్నీ ఆశా కార్యకర్త చెప్పబోతుంది. గడపలోనే కట్టడం కాపలాదారు అడ్డుకుంటుంది.

"మా వాడు బరువులెత్తేవాడు తల్లీ. వాడికొద్దు. కోడలికి చేసెయ్."

"అత్తా, కోడలికి మొన్ననేగా పొట్ట కోసి బిడ్డను తీసింది?"

"ఆ కుట్లతోటే ఇదీ అయిపోను!"

కోడలు పలకలేదు. బరువులెత్తే వాడు మంచమ్మీద ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఆమె నీళ్ళ బిందె చంకనెత్తుకుని లోపలికి పోయింది.

చరిత్రలో ఈ కట్టడం మీద ఒకసారి దండయాత్ర జరిగిన మాట నిజమే. ఎమర్జెన్సీలో, 1976–77 ఒక్క ఏడాదే, 62 లక్షల మంది మగవాళ్ళకు వేసెక్టమీ చేశారు. ఎంతోమందిని బలవంతంగా పట్టుకెళ్ళారు. అది ఘోరం. ఆ ప్రభుత్వం 1977లో కూలింది. దాన్నుంచి నాయకులు నేర్చుకోవలసిన పాఠం: ఎవరి ఒంటిమీదా బలవంతం కూడదు. నేర్చుకున్న పాఠం: మగాడి జోలికి పోకూడదు. కత్తెర మాత్రం మూలకు పడలేదు, పక్క మంచానికి మారింది.

ఇప్పుడు సంరక్షణ ఫలించే రోజొచ్చింది. సర్కారుకు పిల్లలు కావాలి. కట్టడం చెక్కు చెదరలేదు, సున్నం కూడా రాలలేదు. తెలుగు మగాడి ముందుచూపుకు పద్మ పురస్కారమే ఇవ్వొచ్చు. చిన్న చిక్కల్లా ఒక్కటే. ఆ నూటికి 70 మంది నాళాలు మీరు చెప్పగానే కోయించుకున్నారే, వాటినేం చేద్దాం? ఏ జీవోతో అతికిద్దాం?

వెటకారం ఇక నావల్ల కాదు. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాస్పత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు కు.ని. ఆపరేషన్లు చేశారు. నలుగురు చచ్చిపోయారు. జబ్బు చేసి ఆస్పత్రికి పోయినవాళ్ళు కారు. ఇక పిల్లలు చాలని, మీరు గోడలమీద రాసిన మాటే నమ్మి, నడుచుకుంటూ వెళ్ళినవాళ్ళు. ఇంటిదగ్గర మగవాళ్ళకు ఇరవై నిమిషాల్లో అయిపోయే పనికి వీళ్ళ పొట్టలకు గాట్లు పెట్టారు. ఆ నలుగురి పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని చెప్పండి చూద్దాం, ఇంకా కనమని. వద్దన్నప్పుడు ఆమె పొట్టే, కావాలన్నప్పుడూ ఆమె పొట్టేనా? ఆ మైకు ఒక్క పూట ఇటివ్వండి. బిందె దించి ఆ కోడలు ఏమంటుందో విందాం.