వేడిగా ఉంది, జాగ్రత్త

మా ఇంటి ఓనరు రిటైర్డు తాసీల్దారు. అమెరికాలో కొడుకు దగ్గర ఆర్నెల్లుండి గుంటూరు తిరిగొచ్చాక సాయంత్రం పూట అరుగు మీద దర్బారు పెట్టారు. శ్రోతలం అద్దెకున్న మూడు వాటాలవాళ్లం. తప్పించుకునే దారి లేదు. న్యూజెర్సీ మంచూ, రోడ్లూ రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. తర్వాత మిగిలిన సరుకంతా ఒక్కటే, అక్కడి వస్తువుల మీద రాసుండే హెచ్చరికలు.

"మనవడి తోపుడుబండి మీద ఏం రాశాడో తెలుసా? మడిచే ముందు పిల్లాణ్ణి బయటికి తియ్యండి అని! తియ్యకుండా మడిచేవాడు ఎవడన్నా ఉంటాడటయ్యా?"

మేం నవ్వాం. నవ్వొచ్చే మాటే. అద్దెకున్నవాళ్లం కాబట్టి కాస్త ఎక్కువే నవ్వాం.

వాషింగ్ మెషీన్ మీద 'ఇందులో మనుషుల్ని వెయ్యకండి' అని ఉంటుందన్నారు. దొడ్డి కడిగే బ్రష్షు మీద 'దీంతో ఒళ్లు తోముకోవద్దు' అని ఉంటుందన్నారు. ఆయన కల్పించినవి కావివి. కోర్టుల్లో దావాలు మితిమీరిపోయాయని గోలపెట్టే సంఘమొకటి మిచిగన్‌లో 1997 నుంచి పిచ్చి హెచ్చరికలకు ఏటా పోటీ పెట్టేది. ఆ బ్రష్షూ, ఆ మెషీనూ రెండూ మొదటి బహుమతి కొట్టినవే.

"మా నాయన ఏ చీటీ చదివి బావిలో నీళ్లు తోడాడయ్యా? ఇంగితం! అది చచ్చింది గనకే ఈ చీటీలు పుట్టాయి."

ఇంగితం మాట వచ్చినప్పుడల్లా పైవాటా వాళ్లం మెట్ల వైపు చూసేవాళ్లం. బయటినుంచి మేడ మీదికి వెళ్లే మెట్లవి. పట్టుకోడానికి ఒకప్పుడు ఇనప పైపు ఉండేది. తుప్పు పట్టి పై సగం ఊడిపోయింది. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు గోడకి ఆనుకుని పీతలా ఎక్కుతాడు. వాన పడితే పిల్లల్ని ఎత్తుకునే దించాలి. చెప్పినప్పుడల్లా "చూసుకుని దిగాలమ్మా, కళ్లున్నది దేనికి?" అనేవారు. అద్దె పెంచిన నెలలో ధైర్యం చేసి మళ్లీ అడిగాం. వెల్డింగువాడు ఇరవై వేలు అడుగుతున్నాడన్నారు.

ఒకనాడు కాఫీ ముసలమ్మ కథ ఎత్తుకున్నారు. అది ఆయన బ్రహ్మాస్త్రం.

"ఒళ్లో కాఫీ ఒలకబోసుకుందట. వేడిగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదని కోర్టుకెక్కి కోట్లు లాగింది. అప్పట్నుంచీ కప్పుల మీద 'వేడిగా ఉంది, జాగ్రత్త' అని అచ్చేస్తున్నారు. ఇదీ వాళ్ల తెలివి!"

వెనకవాటాలో లా చదివే కుర్రాడున్నాడు. ఎప్పుడూ నోరు విప్పడు. ఆ రోజు విప్పాడు.

"అది అలా జరగలేదు తాతగారూ. 1992లో, న్యూమెక్సికోలో ఆల్బుకర్కీ అనే ఊళ్లో. ఆవిడకి 79 ఏళ్లు. మనవడు కారు ఆపాక పక్కసీట్లో కూచుని, పాలు కలుపుకుందామని కప్పు మూత తీయబోయింది. కాఫీ 82 నుంచి 88 డిగ్రీల వేడిలో ఇవ్వాలని మెక్‌డొనాల్డ్స్ వాళ్ల రూలు. చర్మం లోపలిదాకా కాలింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది, వేరే చోట చర్మం తీసి అతికారు. ఖర్చులకి 20,000 డాలర్లు ఇమ్మంటే కంపెనీ 800 ఇస్తానంది. అప్పుడెక్కింది కోర్టు. అంతకుముందు పదేళ్లలో కాలిందని 700కి పైగా ఫిర్యాదులొచ్చినా వాళ్లు కాఫీ చల్లార్చలేదు. ఐదోవంతు తప్పు ఆవిడదేనని ఆ మేరకు కోసేసి మరీ ఇప్పించింది జ్యూరీ. కంపెనీకి శిక్షగా వేసిన 27 లక్షల డాలర్లని జడ్జి 4,80,000కి దించాడు. ఆఖరికి ఎంతకో రాజీ పడ్డారు."

అరుగు మీద చప్పుడు లేదు. ఓనరు గారి మాటకి అడ్డు తగలడం మా ఇంట్లో అదే మొదలు.

"ఇంకోటండీ. హెచ్చరిక ఆ కేసు తర్వాత వచ్చింది కాదు. ఆ రోజు ఆవిడ చేతిలో కప్పు మీదా ఉంది."

తాసీల్దారు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఉందా? ఉండి కూడా ఎట్లా ఓడిపోయారు?"

"చాలదంది జ్యూరీ, మరీ చిన్నగా ఉందంది. వేడి తగ్గించడం కంటే రాసిపారెయ్యడం తేలిక కదండీ. ఆ రాతలు తెలివిలేనివాళ్ల కోసం కాదు తాతగారూ. రేపు కోర్టులో 'మేం ముందే చెప్పాం' అనడానికి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తలెత్తి మెట్ల వైపు చూశారు. ఊడిపోయిన పైపు దగ్గర చూపు ఆగింది. అన్నేళ్లలో ఆయన అటు చూడటం మేమెవరం ఎరగం. తర్వాత లేచి లోపలికి వెళ్లిపోయారు.

"కుర్రాడు గట్టిగానే తగిలించాడు. రేపు వెల్డింగువాడు రాకపోతే అడగండి" అంది మా ఆవిడ.

తెల్లారి ఇంకా పాలు పొంగకముందే మెట్ల దగ్గర అలికిడి. మా ఆవిడ పొయ్యి మీద టీ నీళ్లు రెండు కప్పులకి పెంచింది. నేను దిగి చూద్దును కదా, నిచ్చెన వేసుకుని పెయింటరు. గోడ మీద ఎర్రరంగుతో సగం పని అయిపోయింది:

'మెట్లకు ఊత లేదు. జారి పడినచో యజమాని బాధ్యుడు కాడు.'

ఓనరు గారు వీధి అవతల నిలబడి, కళ్లజోడు తీసి మరీ చదువుతున్నారు.

"ఇంకా పెద్దవి రాయవోయ్! డబ్బుకి చూసుకోకు. రేపు జడ్జిగారు చిన్నక్షరాలు అనకూడదు."