ఆ అస్థిపంజరం ఏ కథలోది?

అక్టోబర్ చివర్లో హైదరాబాద్‌లో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల అపార్ట్‌మెంట్ కింద హాలంతా హాలోవీన్ అలంకరణ. లిఫ్టు పక్కన ప్లాస్టిక్ అస్థిపంజరం, స్తంభాలకి దూదితో చేసిన సాలెగూళ్లు. తొమ్మిదేళ్ల మనవరాలు నల్లగౌను వేసుకుని, మూతికి ఎర్రరంగు పూసుకుని తయారైంది. "ఆ అస్థిపంజరం ఎవరిదే?" అన్నాను. "ఎవరిదీ కాదు తాతయ్యా, డెకరేషన్" అంది. ప్రాణం ఉసూరుమంది. పిల్లదాని మీద కాదు నా కోపం. బొమ్మ కొనిచ్చి, దాని కథ చెప్పని పెద్దవాళ్ల మీద.

మా రోజుల్లో ఊరూ పేరూ లేని దయ్యం లేదు. చందమామలో బేతాళుడికి ఓ చెట్టుంది, శ్మశానముంది, మోసుకెళ్లే రాజున్నాడు, ఆ రాజుని పంపిన భిక్షువున్నాడు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఆ రాజుది గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం, ఇప్పటి పైఠాన్. మా రేవుకొచ్చే నీళ్లు ఆ ఊరి మీదుగా వచ్చేవే. అది తెలిశాక చీకటి పడితే రేవుకెళ్లడం మానేశాను కొన్నాళ్లు.

చందమామ నెలకొకటే వచ్చేది. మా ఊరి లైబ్రరీకి ఒక్క కాపీ. నాన్న దాన్ని ఒక్క రాత్రికి అడిగి తెచ్చి, లాంతరు వెలుగులో పైకి చదివేవారు. శంకర్ గారి బొమ్మ, భుజాన వేలాడే శవం, చేతిలో కత్తి, ముందు అందరం చూడాలి. కథ అయ్యాక బేతాళుడి ప్రశ్న దగ్గర నాన్న పుస్తకం మూసేసేవారు. "చెప్పండర్రా, తప్పు ఎవరిది?" అక్క ఒకటనేది, నేనొకటనేవాణ్ణి, వంటింట్లోంచి అమ్మ ఇంకోటి అనేది. భయం భయంగానే ఉండేది, బుర్ర మాత్రం పని చేస్తుండేది. హేతువాదిగా పేరున్న కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికని చూసుకున్నారు. దయ్యం కథలో న్యాయమేదో తేల్చమని పిల్లల్ని అడిగిన పత్రిక అది. ఇప్పుడు ఫోన్లో అర నిమిషం వీడియో. నిశ్శబ్దం, నిశ్శబ్దం, ఉన్నట్టుండి ఓ మొహం, చెవులు చిల్లులు పడే అరుపు. పిల్ల ఉలిక్కిపడుతుంది, నవ్వుతుంది, ఇంకోటి చూస్తుంది. దాన్ని ఎవరూ ఏ ప్రశ్నా అడగరు. ఉలికిపాటు వేరు, భయం వేరు. భయానికి ఓ కథ కావాలి, ఆ కథ నడవడానికి టైము కావాలి.

చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, వీటికి చిత్రా గారి బొమ్మలు. పాత సంచికల్లోంచి ఆ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి బైండు చేసుకున్న ఇళ్లు ఎన్నో ఉండేవి. పత్రిక చించితే తిట్టే పెద్దవాళ్లు కూడా దీనికి ఊరుకునేవాళ్లు.

ఆ తర్వాత 1980ల మొదట్లో తులసిదళం. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి సీరియల్. చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం, కాద్రా అనే మాంత్రికుడు. అక్కడ మంత్రమా, మానసిక వైద్యమా అని ఊరంతా వాదించుకుంది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఊళ్లు మనకున్నాయి కాబట్టి, ఆ నవల చిన్నపిల్లల చేతికి నేనివ్వను. కానీ బేతాళ కథకీ తులసిదళానికీ తేడా చెప్పాల్సిన పని పెద్దవాళ్లదే. అసలు ఏదీ చదవనివ్వకుండా అస్థిపంజరం వేలాడదీస్తే అయిపోయిందా?

ఊరికి తిరిగొచ్చాక అటక మీంచి అక్క కుట్టిన తులసిదళం తీశాను. కాగితాలు గోధుమరంగుకి తిరిగాయి. వెనక పేజీల్లో సగం కార్టూన్లు, సగం వంటలు. రాత్రి పదింటికి మొదలుపెట్టాను. కరెంటు పోలేదు, వీధిలో లైటు వెలుగుతోంది, అయినా కాద్రా వచ్చే చోట కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను, అరవయ్యేళ్లు దాటిన మనిషిని.

మధ్యలో ఒక వారం కాగితాలు లేవు. గుర్తొచ్చింది. ఆ వారం సంచిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. కాలేజీలో స్నేహితురాలి దగ్గర విన్నది అక్క ఆ రాత్రి డాబా మీద పడుకుని నాకు చెప్పింది. తన సొంతం ఎంత కలిపిందో ఇప్పటికీ తెలీదు. అచ్చయిన నవల కొని ఆ భాగం చూసుకోవచ్చు. చూసుకోలేదు. పదకొండున్నరకి అక్కకి ఫోన్ చేశాను.

"ఈ వేళప్పుడేంట్రా, అందరూ బానే ఉన్నారా?" అంది కంగారుగా.

"ఆ లేని వారం కథ చెప్పవే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు తలుపు గడియ పెట్టుకున్నావా?" అని మొదలుపెట్టింది.