గ్యాసే అనుకోండి!

షుగర్ ఉన్నవారికి, పదిహేనేళ్ల షుగర్ అనుభవమున్న ఓ వరంగల్ పెద్దమనిషి ఉచిత చిట్కాలు

1. నొప్పి లేదంటే జబ్బు లేదు. సినిమాల్లో గుండెపోటు వచ్చినవాడు రొమ్ము పట్టుకుని కూలిపోతాడు. మీరు కూలలేదు కదా! షుగర్ ఏళ్ల తరబడి నరాలను మొద్దుబారుస్తుందట. కాలి నుంచి చెప్పు జారినా తెలియనివారికి గుండె మొర కూడా వినబడకపోవచ్చట. ముందు చెప్పు వెతుక్కోండి.

2. చెమటలు పడితే ఓరుగల్లు ఎండ. సంక్రాంతి చలిలో, తెల్లవారుజామున చొక్కా తడిసినా ఎండ ఖాతాలోనే రాయండి. గట్టిగా అడిగితే "షుగర్ డౌన్ అయింది" అనండి. గ్లూకోమీటరు మాత్రం బయటికి తీయొద్దు. అంకె బాగానే ఉంటే చెమటకు వేరే కారణం వెతకాల్సి వస్తుంది.

3. ఆయాసమొస్తే వయసు. వాంతి వస్తే నిన్నటి దావత్‌ల తలకాయ కూర. ఎడమ చెయ్యి గుంజితే మెడనరం, దవడ లాగితే పిప్పిపన్ను. ఆడవాళ్లకైతే "పని ఎక్కువైంది" అంటే సరి. షుగర్ వచ్చాక ఆడవాళ్ల గుండెకు ఉండే రక్షణ చాలావరకు పోతుందన్న సంగతి వాళ్ల చెవిన పడనీయొద్దు.

4. మొదట ఈనో, తర్వాత సోడా, ఆపైన వాము నీళ్లు. ఒక్కోదానికి అరగంట ఆగండి. త్రేన్పు వస్తే తగ్గినట్టే. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే అవతలి కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతుంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే మామూలుగా ఇవ్వరు. వంటింటి వైద్యం ఓపిగ్గా చేస్తే ఆ 12 గంటలూ ఇట్టే గడిచిపోతాయి.

5. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల దగ్గర ఉండగా ఈ ఇబ్బంది మొదలైతే, పాట అయి, కాంటా అయి, పైసలు చేతికొచ్చాకే లేవండి.

6. ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇన్నేళ్లలో ఒక్కసారీ పిలవని పరువు మనది. సైరన్ మోగితే వాడకట్టంతా తొంగిచూస్తుంది. బామ్మర్ది బండి మీద, ఇద్దరి నడుమ ఇరుక్కుని పొండి. ఎంజీఎం ఆసుపత్రి గేటు కనబడగానే "జర ఛాయ్ తాగి పోదాం" అనడం మరువకండి.

7. ఈసీజీ ఒకసారి నార్మల్ వస్తే లామినేషన్ చేయించండి. మొదటిదాంట్లో దొరకనిది కాసేపాగి తీస్తే దొరకొచ్చని, ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో మళ్లీ చేయాలని డాక్టరు అంటాడు. సంతకం పెట్టి ఇంటికొచ్చేయండి.

8. మూడు నెలల షుగర్ చాడీలు చెప్పే హెచ్‌బీఏ1సీ జోలికి పోవద్దు. పరీక్షకు రెండ్రోజుల ముందు అన్నం మానేసి, ఫాస్టింగ్ ఒక్కటే చేయించండి. కొలెస్ట్రాల్ తగ్గిందా, మాత్ర ఆపేయండి.

ఇవేవీ వినకుండా, చెమట పట్టగానే 108కి ఫోన్ కొట్టి, "నాకు షుగర్ ఉంది, ఈసీజీ తీయండి" అన్న తొందరపాటు మనిషి మా వాడకట్టులో ఒకాయన ఉన్నాడు. ఆయన గతి చూడండి: పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడక, పూటపూటకూ మాత్రలు, ఉప్పు తగ్గించిన పప్పు. పైగా మొన్న మనవరాలి పెళ్లికి అప్పు కూడా చేయాల్సొచ్చింది.

నా చిట్కాలు పాటించినవారికి ఈ బాధలేవీ లేవు.