పంచదార డబ్బా ఎక్కడుంది?

ఈమధ్య ఏ పత్రిక తిరగేసినా, ఫోను తెరిచినా ఒకటే ఉపదేశం. ఫలానా పదిహేను వస్తువులు ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి, ఇక ఎవరొచ్చినా కంగారు పడక్కర్లేదు, చుట్టాలతోపాటు మీరూ హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు అని. ఆశపడి చదివాను. మొదటిది సువాసన కొవ్వొత్తి. రెండోది నార నాప్‌కిన్లు. ఆపైన చీజ్ ముక్కలు పేర్చడానికి చెక్క పలక, ఆలివ్ కాయల సీసా, కాళ్ళున్న గాజు గ్లాసులు అరడజను. అలా సాగి సాగి పదిహేనోది: మీ చిరునవ్వు.

పద్నాలుగూ అప్పోసప్పో చేసి కొనుక్కోవచ్చు. ఆ పదిహేనోదాన్ని ఏ డబ్బాలో పోసి పెట్టాలో, ఎన్నాళ్ళు ఎండబెడితే నిలవ ఉంటుందో మాత్రం రాయలేదు.

మా ఇంట్లో కొవ్వొత్తి అంటే కరెంటు పోయాక వెతికేది, కరెంటు వచ్చాక దొరికేది. ఉన్న దీపాలార్పేసి కావాలని దాన్ని వెలిగిస్తే మా పెదనాన్నగారు అడిగే మొదటి మాట, "బిల్లు కట్టలేదుటే అమ్మా?" ఆలివ్ కాయ ఒకటి నోట్లో వేసుకున్నాక రెండో మాట, "ఈ ఉసిరికాయ పాడైనట్టుంది, చూసుకో."

తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు అర్థం చెబుతారు. ఇప్పటి అతిథి తిథి, వారం, నక్షత్రంతో సహా వాట్సాప్‌లో చెప్పే వస్తాడు. బయల్దేరాక లొకేషన్ పంపమంటాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఫోను చేసి పంపమంటారా అని అడుగుతాడు. ఇంత జరిగినా, గేటు నుంచి అయిదో అంతస్తుకి లిఫ్ట్ వచ్చే ఆ నిమిషంన్నరలోనే మన సంసారం అసలు రూపం బయటపడుతుంది. సోఫా మీద ఆరిన బట్టల గుట్ట దుప్పట్లో మూటకట్టి పడగ్గదిలోకి విసిరెయ్యాలి. డైనింగ్ టేబుల్ మీది మందుబిళ్ళలు, ఉల్లిపాయలు, బ్యాంకు కాగితాలు ఎటో పోవాలి. పడగ్గది తలుపు మూసి గడియ పెట్టాలి. చుట్టం పిల్లలు సరిగ్గా ఆ తలుపే తీస్తారు. పదిహేను వస్తువుల్లో ఆ తలుపుకి తాళం లేదు.

సిద్ధంగా ఉండటం మనకేమీ రాని విద్య కాదు. ప్రతి తెలుగింట్లో షోకేసు ఉంటుంది. అందులో పెళ్ళికి చదివించిన ఆరు కప్పులు, ఆరు సాసర్లు, అంచుకి బంగారు గీత. అవి అతిథుల కోసం. అతిథి వస్తాడు. "ఈయన మన రామాలయం వీధి బాబాయే కదా, ఈమాత్రానికి అవెందుకు" అని స్టీలు గ్లాసులో ఇస్తాం. ఇంకో అతిథి వస్తాడు. "అమ్మో, వీళ్ళ చిన్నవాడు పగలగొడతాడు" అని మళ్ళీ స్టీలు గ్లాసే. మా సెట్టు అలా ఇరవై ఏడేళ్ళుగా ఏ మహానుభావుడి కోసమో ఎదురుచూస్తోంది. రెండుసార్లు ఇల్లు మారినప్పుడు మాత్రం బయటికొచ్చింది. సామాన్లు కట్టే కుర్రాడు ఒక్కొక్క కప్పునీ పాత పేపర్లో చుట్టాడు. ఆ కప్పుల్ని అంత ప్రేమగా చేత్తో పట్టుకున్న అతిథి ఆ కుర్రాడొక్కడే. బీరువాలో చుట్టాల దుప్పటి సంగతీ అంతే. దాని మీద పడుకున్నవాళ్ళు పొద్దున లేచి తుమ్ముతారు. అది మా మర్యాదకి గుర్తుగా వేసిన నాఫ్తలిన్ ఉండల ఘాటు.

చుట్టాలొస్తే అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి, అవి ఏ జాబితాలోనూ కనపడవు. మొదటిది రెండో సిలిండరు. 14.2 కిలోల గ్యాసు ఎప్పుడైనా అయిపోవచ్చు, కానీ దానికి తెలుసు, పప్పు సగం ఉడికి వియ్యంకులు హాల్లో కూర్చున్నప్పుడే అయిపోవాలని. రెండోది ట్యాంకులో నీళ్ళు. మూడోది అరలీటరు పాల ప్యాకెట్టు, అదీ విరగనిది. నాలుగోది బొంబాయి రవ్వ. తెలుగునాట అతిథి ధర్మం ఇన్నాళ్ళు నిలబడిందంటే అది ఉప్మా చలవ. పిలవకుండా వచ్చినవాడికి పెట్టేది ఉప్మా. వాడు మళ్ళీ పిలవకుండా రాకుండా చేసేదీ ఉప్మాయే. ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకే జాతీ కనిపెట్టలేదు.

రవ్వ, సిలిండరు ఉంచుకోవద్దని నేననను. నా తగాదా ఆ "హాయిగా" అన్న మాటతో. హాయి ఎవరికి?

వచ్చినవాళ్ళు చాలా మంచివాళ్ళు. వస్తూనే అంటారు, "మాకోసం ఏమీ శ్రమ పడకు వదినా, ఉన్నదేదో పెట్టు చాలు." మా ఆయన హాల్లోంచే అందుకుంటారు, "శ్రమేముందిరా, రెండు వడియాలు వేయిస్తుంది." ఆ "ఉన్నదేదో" అనేది ఆకాశంలోంచి ఊడిపడదు. బూడిదగుమ్మడి వడియాలే చూడండి. సాయంత్రం కాయ కొట్టి, ముక్కలు సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి గుడ్డలో మూటకట్టి మీద బరువెడతారు. రాత్రంతా నీరు ఓడుతుంది. ఇటు మినప్పప్పు నానుతుంది. తెల్లారకముందే లేచి పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి నూరి, ముక్కలు కలిపి, ఎండ ఎక్కేలోగా డాబా మీద తడిగుడ్డ పరిచి పెట్టాలి. తర్వాత మూడు నాలుగు రోజులు కాకులకి కాపలా. మబ్బు కనిపిస్తే మేడమెట్ల మీద పరుగు. మజ్జిగ మిరపకాయలైతే రాత్రి మజ్జిగలోకి, పగలు ఎండలోకి, మజ్జిగ ఇంకేదాకా ఇదే ప్రయాణం. కరీంనగర్‌లో మా వియ్యపురాలు సంక్రాంతికి సకినాలు చేస్తుంది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద వేళ్ళతో చుట్టు చుట్టుగా తిప్పుతూ కూర్చుంటే నడుము ఆ చుట్టులాగే వంగిపోతుంది.

అంతా అయ్యాక, కాగిన నూనెలో వడియం వేగడానికి అరనిమిషం పడుతుంది. జాబితాలు రాసేవాళ్ళకీ, మా ఆయనకీ ఆ అరనిమిషమే కనిపిస్తుంది. సిద్ధంగా ఉన్న వస్తువంటే మే నెలలో ఎవరో పడ్డ పాట్లని డబ్బాలో పోసి మూత పెట్టడం. మూత తీసినవాడికి పని సులువు, నిజమే.

ఈ చూపు దోషం ఇవాళ్టిది కాదు. మనుచరిత్రలో ప్రవరుడి ఇల్లు అతిథులకి పుట్టిల్లు. ఆయన భార్య వేయిమంది వచ్చినా వండటానికి అలసిపోదని, అర్ధరాత్రి వచ్చినా కావలసినవన్నీ పెడుతుందని అల్లసాని పెద్దనగారు హామీ ఇచ్చేశారు. ఆ ఇల్లాలిని అడిగి రాశారా అన్నది నా సందేహం. అంత హాయిగా సాగుతున్న ఇంటికి ఒక సిద్ధుడు అతిథిగా వచ్చాడు. సుష్టుగా భోంచేసి దేశాల కబుర్లు చెప్పాడు. గృహస్థుకి నోరూరింది. కాళ్ళకి లేపనం రాయించుకుని హిమాలయాలు చూడటానికి ఎగిరిపోయాడు. మంచుకి ఆ లేపనం కరిగిపోయి అక్కడ చిక్కుపడ్డాడు. అప్పుడాయనకి ఇల్లు గుర్తొచ్చింది. ఆ రోజు గడపలో దిగిన అతిథులకి కాళ్ళకి నీళ్ళెవరిచ్చారో, ఆమె అలసిందో లేదో మనకి తెలీదు. కథ కొండ మీదికి వెళ్ళిపోయింది.

విచిత్రమేమంటే, పెద్దనగారున్న సభలోనే పెద్దపీట మీద కూర్చున్న కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఇదే సంగతి ఇంకోలా రాశారు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి ఇల్లు. ముసురు పట్టిన రోజులు, కట్టెలన్నీ తడి. వచ్చిన భక్తులకి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, ఒరుగులు, వడియాలు, పెరుగు, నెయ్యి. చూశారా, అయిదువందల ఏళ్ళ కిందటి నిలవ సరుకుల జాబితా అది. ఒరుగులూ వడియాలూ ఎండ కాసిన రోజుల్లో ఎవరో చేసి పెట్టినవే. కానీ ఆ జాబితాకి ముందు రాయలవారు ఇంకో వస్తువు పెట్టారు: ఎండు కొబ్బరి చిప్పలు. వండే భార్య కళ్ళలోకి పొగ పోకుండా ఆ చిప్పలు మండించారట. యుద్ధాలు చేసుకునే రాజుకి ఆ పొగ కనిపించింది. ఏసీ గదిలో కూర్చుని నాప్‌కిన్ల రంగు నిర్ణయించేవాళ్ళకి కనిపించదు.

ఇప్పుడు పొగ లేదు కదా, అన్నీ పది నిమిషాల్లో గుమ్మంలోకొస్తున్నాయి కదా అనేవాళ్ళున్నారు. వస్తున్నాయి, నిజమే. ఇల్లాలు పడే పరుగు ఇప్పుడు బండి మీది కుర్రాడు పడుతున్నాడు, వానలో, రాంగ్ రూట్లో. అతన్ని లిఫ్ట్ ఎక్కనివ్వని అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి. వాటి లాబీల్లో నమస్కారం పెట్టే బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది.

అసలు సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న నేను నాలుగు రోజులు మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేముందు అన్నీ అమర్చాను. రెండో రోజు సాయంత్రం ఫోను. ఆయన చిన్ననాటి స్నేహితుడు చెప్పకుండా దిగాడట.

"పంచదార ఎక్కడుంది?"

"మూడో అరలో, మెంతుల వెనక."

"మెంతులు ఎలా ఉంటాయి?"

ముప్ఫై ఏళ్ళుగా మెంతికూర ఇష్టంగా తింటున్న మనిషి. "బూస్ట్ డబ్బా చూడండి" అన్నాను.

"బూస్ట్ కాదోయ్, పంచదార."

"బూస్ట్ డబ్బాలోనే పంచదార ఉంది. హార్లిక్స్ సీసాలో శనగపప్పు ఉంది. బిస్కెట్ డబ్బాలో సూదులూ దారాలూ ఉన్నాయి, బిస్కెట్లనుకుని వాడికి పెట్టకండి."

ఫోను పెట్టేశారు. తర్వాత తెలిసింది, ఆయన చేతికి దొరికింది బెల్లం. కాగుతున్న పాలలో వేశారు, పాలు విరిగాయి. అప్పుడు ఆ స్నేహితుడు చొక్కా చేతులు మడుచుకుని వంటింట్లోకి వచ్చాడట. ఒకరు మూతలు తీస్తూ, ఒకరు వాసన చూస్తూ పదకొండు డబ్బాలు దింపారు. చివరికి బెల్లంతోనే నల్ల టీ పెట్టుకుని, గట్టు మీద కూర్చుని తాగి, రాత్రి పదకొండు దాకా స్కూలు కబుర్లు చెప్పుకున్నారట. గ్లాసులు ఆ స్నేహితుడే కడిగి వెళ్ళాడు. "ఎన్నేళ్ళకో ఇంత హాయిగా గడిచింది" అన్నారు మా ఆయన, నేను తిరిగొచ్చాక.

ఇంట్లో వస్తువులన్నీ ఉన్నాయి. సిద్ధంగా లేనిది ఇంటాయన ఒక్కడే. ఆ ఒక్కడూ వంటింటి గడప దాటితే విరిగిన పాలతో కూడా మర్యాద జరిగిపోయింది.

ఇప్పుడు మా మూడో అరలో బూస్ట్ డబ్బా మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద మా ఆయన కోడిగీతల రాతలో "పంచదార" అని. పక్క డబ్బాకి "మెంతులు (చేదు)" అని. పదిహేను వస్తువుల జాబితా రాసినవాళ్ళు నన్నడిగితే, చిరునవ్వు కొట్టేసి అక్కడ ఈ కాగితం ముక్కలు చేర్చమంటాను. రాయలవారి కొబ్బరి చిప్పల పక్కనే.