మహారాజరాజశ్రీ నో-రిప్లై గారి సముఖమునకు

విషయం: పాస్‌వర్డ్ పోయిన మనిషి తాను తానేనని ఒప్పించుకునే దారి గురించి.

సూచిక: తమరి నుంచి అర్ధరాత్రి దాటాక అందిన ఆరంకెల కోడ్. చదివేలోపే గడువు తీరినది.

అయ్యా,

ఇది బహిరంగ లేఖ కావడానికి కారణం నా ధైర్యం కాదు, తమరి చిరునామా. తమరు పంపే ప్రతి ఉత్తరం కిందా ఒకటే మాట: దీనికి జవాబు రాయవద్దు, ఈ పెట్టె ఎవరూ తెరవరు. కాదూ కూడదని రాస్తే రాసింది రాసినట్టు తిరిగొస్తుంది. కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీ పెట్టుకోవచ్చు. సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం మాటునే ఉన్నా, అక్షయ తృతీయనాడు ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. తమరికి ఆ ఒక్కరోజూ లేదు. అందుకని అచ్చులో వేయిస్తున్నాను. బ్యాంకులో తమరే, బీమాలో తమరే, మెయిల్ కంపెనీలోనూ తమరే. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కత్తిరించి తమరి బల్ల మీద పెట్టకపోరు.

సంగతి మా మావయ్యది. విశాఖ స్టీల్ ప్లాంట్ వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఇంట్లో ఆయన మెయిల్ ఖాతా మీద నడిచేవి నాలుగు: చేతిలో ఫోను, డల్లాస్ నుంచి కొడుకు పంపిన ట్యాబ్, కూతురి ఇంజినీరింగ్ నాటి ల్యాప్‌టాప్, హాల్లో టీవీ. ఒకరోజు తమరు, ఎవరో మీ ఖాతాలోకి చొరబడబోయారు, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి అన్నారు. సేఫ్టీ బోర్డు చదవనిదే మిల్లులో అడుగుపెట్టని మనిషాయన. వెంటనే ఫోన్లో మార్చేశారు. మార్పు జరిగిందని తమరూ అభినందించారు.

మిగతా వాటికి ఈ కబురు చెప్పేదెవరు? ట్యాబ్‌లో మెయిల్ యాప్ కొన్ని నిమిషాలకోసారి తనంతట తనే వెళ్లి పాత పాస్‌వర్డ్ అప్పజెబుతూ వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా అదీ అంతే. దాని మటుకు అది విశ్వాసమే. తమరికి మాత్రం, చెల్లని తాళంచెవితో తలుపు ఊపుతున్న ఆగంతకుడు. ఇన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ వస్తే ఖాతా మూసెయ్యాలని తమరికో నియమం. మూసేశారు. నియమాన్ని తప్పుపట్టను, అది లేకపోతే దొంగల యంత్రాలు ఊపిరి తీసుకోకుండా ఊహించుకుంటూ పోతాయి. కానీ ఆ ట్యాబ్ ఏళ్ల తరబడి అదే ఇంటి నుంచి, అదే వైఫై మీద వస్తున్నదని తమరికి తెలియకనా? చెప్పుల ప్రకటన చూపించాల్సి వస్తే మాత్రం మావయ్య ఏ వీధిలో ఉన్నారో కూడా గుర్తుపడతారే! "ట్యాబ్‌లో పాతదే ఉండిపోయింది, అక్కడా మార్చండి" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ లేఖే లేదు.

"ఏటిరా ఇది, నేను కొనిపెట్టిన చార్జర్ తింటూ నా మీదే రిపోర్ట్ ఇచ్చేసిందా?" అన్నారు మావయ్య, ట్యాబ్ కేసి చూస్తూ.

అక్కణ్నుంచి మొదలైంది అసలు ప్రదక్షిణ. ఫోన్లో "నేనే" అంటే, ట్యాబ్‌లో ఒప్పుకోండి అన్నారు. ట్యాబ్ తీస్తే, ముందు పాస్‌వర్డ్ కొట్టండి అన్నారు. రికవరీ మెయిల్‌కి కోడ్ పంపామన్నారు. ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంది? దాన్ని తెరిపించే రికవరీ మెయిల్ ఇదే, ఇప్పుడు మూసి ఉన్నదే. చివరికి మొబైల్ నంబర్‌కి పంపుతామంటూ ఆఖరి రెండంకెలు చూపించారు. అది కొడుకు డల్లాస్ వెళ్లకముందు వాడిన నంబరు, ఎప్పుడో రద్దయింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు, రేవున్న ఊరి గొడవ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు అసలు వాడకుండా, అందులో 20 రూపాయల బ్యాలెన్స్ కూడా లేకుండా పడుంటే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు. రద్దయ్యాక 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని 2023లో సుప్రీంకోర్టు ముందు కూడా ట్రాయ్ చెప్పింది. రెండూ కలిపితే ఆరు నెలలు. ఓడ మీద ఉద్యోగానికి కాంట్రాక్టు మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడికయితే పన్నెండు నెలల లోపు ఎంతైనా సరే అంటుంది. లెక్క తమరే చూసుకోండి. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. రీచార్జ్ చేద్దామంటే బ్యాంకు ఓటీపీ అడుగుతుంది, ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి. పని ముగించుకుని వచ్చిన కుర్రాడికి రేవు పక్కన డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది, జేబులో ఫోను మాత్రం మూగగా ఉంటుంది. అతని కోడ్‌లన్నీ ఈపాటికి ఎవరో ముక్కూమొహం తెలియని వాడికి చేరుతుంటాయి. ఆ కొత్త మనిషి మాత్రం ఏం సుఖపడతాడు? వీడి అప్పుల వాళ్లు వాడికి ఫోన్లు చేస్తుంటారు.

1933లో తెరిచిన రేవు ఇది. ఇక్కడ ఒక మనిషి నెలల తరబడి కనబడకపోవడం వింత కాదు, జీవనోపాధి. తమరి పుస్తకంలో మాత్రం 90 రోజులు పలకనివాడు లేనివాడే.

ఓడెక్కక్కర్లేదు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లోనే ఉన్నవాళ్లం నడిసముద్రంలో ఉన్నట్టే అయ్యాం. కరెంటు లేదు, టవర్లు లేవు, రోజుల తరబడి ఫోను అద్దం ముక్కే. అప్పట్లో కిరాణా కొట్లో అరువిచ్చినవాడు మొహం చూసి ఇచ్చాడు. ఇప్పుడు మళ్లీ అలాంటి గాలి వస్తే, జేబులో నోటు లేని ఊరు మొత్తం ఒక ఎస్సెమ్మెస్ కోసం ఆకాశం కేసి చూస్తుంది.

తమరి వంశచరిత్ర కూడా కొంత తిరగేశాను. 1960ల మొదట్లో అమెరికాలో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటర్‌ని ఎంతోమంది పంచుకునే సీటీఎస్ఎస్ అనే ఏర్పాటు చేసి, ఎవరి ఫైళ్లు వాళ్లవిగా ఉండాలని పాస్‌వర్డ్ పెట్టింది. 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక పాస్‌వర్డుల ఫైలే అచ్చుకొట్టించుకున్నాడు. 1966లో రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయినవాళ్లకల్లా ఆ పూట ప్రకటన బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి. ఆ కోర్బాటో మహాశయుడే 2014లో, పాస్‌వర్డులు చివరికి పీడకలగా తయారయ్యాయని ఒక పత్రికతో అన్నాడు.

ఇక పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, వింత గుర్తు అనే చతుర్విధ నియమం ఉందే, దాన్ని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసే బిల్ బర్ రాశాడు. 90 రోజులకోసారి మార్చడమూ అందులోదే. 2017 నాటికి రిటైరయి, తాను రాసిన దాంట్లో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని చెప్పేశాడు. మార్చమంటే జనం మార్చరు, చివరి అంకె పెంచుతారు, అంతే. ఆ ఏడాదే ఆ సంస్థ ఊరికే గడువు పెట్టి మార్పించకండి, పాస్‌వర్డ్ బయటపడిందని తెలిస్తేనే మార్పించండి అని కొత్త మార్గదర్శకాలిచ్చింది. రాసినవాడు చెంపలేసుకున్నాడు, రాయించిన సంస్థ కొట్టేసింది. మన దగ్గర బ్యాంకుల్లో, బీమా సైట్లలో, ఆఫీసు లాగిన్లలో మాత్రం మూడు నెలలకోసారి తమరు తలుపు తడుతూనే ఉన్నారు.

మావయ్య ఈ నియమాన్ని ఎంత నిజాయితీగా పాటించారో వినండి. ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. మొదటి మూడు నెలలు గోదావరి, తరవాత కృష్ణ, ఆ తరవాత అన్నపూర్ణ. నాలుగోసారి తిరిగి గోదావరి కొడితే, "గత మూడు పాస్‌వర్డులు వాడరాదు" అన్నారు తమరు. నాలుగో ఫర్నేసు ఎవరు కట్టిస్తారండీ? ఉన్న మూడూ ఒకేసారి మండితే పేపర్లో వేస్తున్న రోజులివి. చేసేది లేక అప్పన్న పేరు పెట్టి పక్కన అంకె తగిలించారు. ఉత్తరాంధ్రలో అప్పన్న పేరు లేని గడప ఉండదు. ఆ సంగతి దొంగలకీ తెలుసు.

భద్రతా ప్రశ్నలు మరీ ముచ్చట. మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరేమిటి? మా వైపు అది రహస్యమా? మేనమామల పేర్లతో సహా శుభలేఖల్లో అచ్చేస్తాం, పెళ్లి పందిట్లో మైకులో చదువుతాం. రహస్యం కానిదాన్ని మళ్లీ గుర్తు తెచ్చుకోవడం వేరే పరీక్ష. లక్ష్మిలో ఎక్స్ రాశామా, కేఎస్‌హెచ్ రాశామా? ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకొకటి. మావయ్యకి జవాబు తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ పూట ఎలా రాశారో తెలీదు.

వేలిముద్ర పెట్టమంటారా? రేవులో మూటలు మోసిన కళాసీల చేతులు, కోక్ ఓవెన్ల దగ్గర అరిగిన చేతులు ఒకసారి చూడండి. గీతలుంటే కదా! ప్రభుత్వం పింఛనుదారులకి 2014 నవంబరులో, బతికున్నట్టు డిజిటల్‌గా రుజువు చేసుకునే జీవన్ ప్రమాణ్ తెచ్చినప్పుడు ఈ చిక్కే వచ్చింది. 2020లో పోస్ట్‌మన్‌ని ఇంటికి పంపింది, 2021లో మొహం చూపిస్తే చాలంది. బతికున్నానని ప్రభుత్వాన్ని ఒప్పించడం తమరిని ఒప్పించడం కంటే తేలికయిందంటే నమ్ముతారా?

తమరు పలకరని తేలాక మనిషి పలికేవాణ్ని వెతుక్కుంటాడు. మావయ్య నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే దొరికింది. మొదటి రింగుకే ఎత్తారు. "నమస్కారం సార్, చెప్పండి సార్," చక్కని తెలుగు. ఎంత ఓపికో! కష్టమంతా విని, మీలాంటి పెద్దవాళ్లకి ఇలా జరక్కూడదండీ అని నొచ్చుకుని, ఒక చిన్న యాప్ వేసుకోమన్నాడు. ఫోను తెర మొత్తం అవతలివాడికి చూపించే యాప్ అది. మా అత్తయ్య వచ్చి ఫోను లాక్కుని కట్ చేసింది కాబట్టి సరిపోయింది. మావయ్యకి ఆవిడ మీద ఇప్పటికీ కొంచెం కోపమే. ఎంత మర్యాదగా మాట్లాడాడో తెలుసా, అంటారు.

ఆ గొంతు ఎక్కడిదయి ఉండొచ్చో మా ఊరికి తెలుసు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు: డేటా ఎంట్రీ ఉద్యోగమన్న ఏజెంట్లని నమ్మి, డబ్బు కట్టి కంబోడియా వెళ్లిన ఈ ప్రాంతపు కుర్రాళ్ల పాస్‌పోర్టులు లాగేసుకుని, బంధించి, సొంత దేశం వాళ్లకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. ఆ నెలలోనే అక్కడ వందల మంది తిరగబడ్డారు, కొందరు బయటపడి విశాఖ ఎయిర్‌పోర్టులో దిగారు. రేపు మావయ్య ఫోను ఎత్తేవాడు మా వీధి చివరి కుర్రాడే కావచ్చు. దోచుకోవడానికి మనిషిని పెట్టారు. దోచుకున్నాక ఫిర్యాదుకి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఉంది, అక్కడా మనిషే పలుకుతాడు. ఈ రెంటికీ నడుమ, దోపిడీకి అవకాశమే లేకుండా చేయగల చోట తమరున్నారు, పలకరు. తమరు ఖాళీగా వదిలిన కుర్చీలోనే వాడొచ్చి కూర్చున్నాడు.

మనిషిని పెడితే ఆ మనిషినే బోల్తా కొట్టిస్తారంటారు, ఒప్పుకుంటాను. కౌంటర్లో కూర్చున్నవాణ్ని నమ్మించి ఎవరి సిమ్మో ఎవరో తీసుకున్న కేసులు బోలెడు. అందుకే 2024 జులై 1 నుంచి, సిమ్ మార్చాక ఏడు రోజుల దాకా నంబర్ని వేరే కంపెనీకి మార్చనివ్వడం లేదు. ఆ తెలివే తమరూ వాడండి. మనిషి వచ్చి అడిగితే కాగితాలు చూడండి, అతని పరికరాలన్నిటికీ కబురు పెట్టండి, వారం ఆగి ఇవ్వండి. మావయ్య వారం ఆగగలరు, ముప్పై ఏళ్లు ప్రమోషన్ కోసం ఆగిన మనిషి. దొంగ ఆగలేడు, వాడికి పది నిమిషాల్లో పని కావాలి. తమరేమో పది నిమిషాల గడువు మావయ్యకి పెట్టారు.

ఖాతా తిరిగి తెరిపించడానికి నమ్మకస్తుల్ని ముందే రాసిపెట్టుకునే సౌకర్యం తమ కంపెనీల్లో కొన్నింట ఉందని తెలుసు. ఆపిల్ 2021లో తెచ్చింది, గూగుల్ 2025లో. కానీ అది సెట్టింగుల ఏడో గదిలో ఉంది, పాస్‌వర్డ్ పోయినవాడికి ఆ గది తలుపు తెరుచుకోదు. ఖాతా ఇచ్చిన రోజే అడగండి. బ్యాంకు పుస్తకంలో నామినీ గడి నింపకపోతే గుమస్తా ఊరుకుంటాడా? కాగితం మీద అచ్చేసుకునే బ్యాకప్ కోడ్‌లు కూడా ఆ రోజే ఇచ్చెయ్యండి. మావయ్య వాటిని ఎల్ఐసీ బాండ్లతో పాటు బీరువాలో పెడతారు. ఆ బీరువా భద్రతకి అత్తయ్య హామీ.

ఇట్లు,
తమరి లెక్కలో రోబో కానని రోజూ రుజువు చేసుకుంటున్న,
ఒక ఖాతాదారుడి మేనల్లుడు.

తాజా కలం: మా పక్కింటి కుర్రాడు వచ్చే నెల ఓడెక్కుతున్నాడు, తొమ్మిది నెలల కాంట్రాక్టు. రికవరీ కోసం ఇంకో నంబరు ఇవ్వమని తమరు అడిగారట. వాళ్లమ్మ నంబరు ఇద్దామంటే, ఆవిడ సిమ్ కూడా వాడి పేరు మీదే ఉంది. ఏ నంబరు ఇమ్మంటారో వాడు ఓడెక్కేలోపు చెప్పండి.