28వ తారీఖు దాకా గణితమే

మన సిమెంటు కంపెనీల్లో గణితానికి నెలకు 27 రోజులే ఆయుష్షు. 28వ తారీఖు పొద్దున్నే సేల్స్ హెడ్ గారి ఫోను మోగుతుంది, గణితం కన్నుమూస్తుంది. ఒకటో తారీఖున మళ్లీ పుడుతుంది. ఏడాదికి పన్నెండు జన్మలెత్తే శాస్త్రం లోకంలో ఇదొక్కటే.

ఏ కంపెనీ అని అడక్కండి, ఒకటి ఊహించుకోండి. మేళ్లచెరువు వైపు ఒక ఫ్యాక్టరీ, దాచేపల్లి వైపు ఒకటి, ఎర్రగుంట్ల వైపు ఒకటి. రెండు రాష్ట్రాల్లో కలిపి 40 డిపోలు. ఏ డిపోకి ఏ ఫ్యాక్టరీ నుంచి ఎన్ని బస్తాలు పంపితే మొత్తం కిరాయి తక్కువ పడుతుంది? మూడు నలభైలు నూట ఇరవై దారులు. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి రెప్పపాటు పని. ఆ రెప్పపాటు కోసం కంపెనీ వారు కోట్లు పోసి సాఫ్ట్‌వేర్ కొన్నారు. సర్వర్‌కి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇకమీదట నిర్ణయాలన్నీ ‘ఆప్టిమమ్’గా ఉంటాయని ప్రకటించారు.

దాన్ని అమ్మడానికి వచ్చిన కన్సల్టెంట్ గారి మొదటి స్లైడు: మన దేశంలో లాజిస్టిక్స్ ఖర్చు జీడీపీలో 14 శాతం, ఘోరం! 2023లో ఎన్‌సీఏఈఆర్ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టి, 2021-22లో అది 7.8 నుంచి 8.9 శాతం మధ్యే ఉందని తేల్చింది. ఒక్క లారీని మళ్లించకుండా, ఏ సాఫ్ట్‌వేరూ కొనకుండా ఇంత ఖర్చు తగ్గించిన ఘనత దేశంలో ఇంకెవరికీ లేదు. అయినా స్లైడు మారలేదు. భయం తగ్గితే బేరమూ తగ్గుతుంది కదా!

రెండో స్లైడు అమెరికాలో ఇంటింటికీ పార్సిళ్లు చేర్చే యూపీఎస్‌ది. ఓరియన్ అనే పద్ధతితో ఆ కంపెనీ ఏటా 10 కోట్ల మైళ్ల తిరుగుడు తగ్గించుకుంది, 2016లో ఇలాంటి గణితాన్ని పనిలో పెట్టిన వారికిచ్చే ఎడెల్‌మన్ బహుమతి అందుకుంది. కాదనేదేమీ లేదు, గొప్ప పనే. వాళ్ల డ్రైవర్లు వీలైనంతవరకు ఎడమకు తిరగరని చెప్పగానే బోర్డు రూములో చప్పట్లు. అక్కడ బళ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి ఎడమకు తిరగాలంటే ఎదురొచ్చే బళ్లను దాటాలి. మనకు తంటా కుడి మలుపుతో. ఈ ముక్క చెప్పగలిగిన డ్రైవరును బోర్డు రూములోకి ఎవరూ రానివ్వరు.

నిజానికి ఈ గణితానికి సిమెంటు కొత్త కాదు. 1930లోనే సోవియట్ దేశంలో ఏ.ఎన్. టోల్‌స్టాయ్ అనే ఆయన (నవలలు రాసిన టాల్‌స్టాయ్ కాదు లెండి) ఉప్పు, సిమెంటు లాంటి సరుకులు రైళ్లలో ఎటునుంచి ఎటు పోవాలో లెక్కవేశాడు. బయల్దేరే చోట్లు 10, చేరాల్సినవి 68. చేతిలో కంప్యూటర్ లేదు. ఒకే సరుకు ఎదురెదురుగా పోతూ ఒకదాన్నొకటి దాటుకుంటోందంటే డబ్బు పట్టాల మీద పారబోస్తున్నట్టేనని తేల్చాడు. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటొరోవిచ్ అనే గణితవేత్త ప్లైవుడ్ ఫ్యాక్టరీల వారి చిక్కుతో మొదలుపెట్టి, ఉత్పత్తి ప్రణాళికకే గణితం రాశాడు. 1947లో అమెరికాలో డాంట్‌జిగ్ అనే మరో గణితవేత్త ఇలాంటి లెక్కలు తేల్చే సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు. లెక్క చేయడమెలాగో అప్పటినుంచీ తెలిసిందే. దాన్ని వినడమెలాగన్నదే ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

సాఫ్ట్‌వేర్ వచ్చాక ‘షరతుల మీటింగు’ పెట్టారు. మార్కెటింగ్ వారు లేచారు: “ఖమ్మం డీలర్లకి మేళ్లచెరువు సిమెంటు రంగే కావాలండి.” ఇది అసలైన షరతే. కలిపే ఫ్లైయాష్‌ను బట్టి రంగు మారుతుంది, రంగు మారితే మేస్త్రీ బస్తా విప్పనివ్వడు. ఫైనాన్స్ వారు లేచారు: “ఫలానా డిపో మూయలేమండీ, అద్దె అగ్రిమెంటు ఇంకా ఉంది.” సరే, అదీ రాసుకున్నారు. అందరూ అయ్యాక ఎండీ గారు గొంతు సవరించుకున్నారు: “అనంతపురం లైను మాత్రం మనవాడి ట్రాన్స్‌పోర్టుకే ఉండాలి.”

మనవాడంటే బావమరిది. ఆయన లారీలుండేది మేళ్లచెరువులో. కాబట్టి ఎర్రగుంట్లే దగ్గరైనా, అనంతపురానికి సిమెంటు మేళ్లచెరువు నుంచే పోవాలి. మరి ఎర్రగుంట్ల సరుకేం కావాలి? వరంగల్‌కి పంపండి! ఒకే కంపెనీ బస్తాలు మోస్తున్న రెండు లారీలు దారిలో ఎదురుపడతాయి. డ్రైవర్లు లైట్లు కొట్టుకుని పలకరించుకుంటారు. టోల్‌స్టాయ్ తీసిపారేసిన ఎదురు ప్రయాణాన్ని మనవాళ్లు తొంభై ఏళ్లు దాటాక షరతు పేరుతో కంప్యూటర్‌లోకి ఎక్కించారు.

ఇన్ని షరతులు మింగి సాఫ్ట్‌వేర్ ఒక ప్లాను కక్కింది. అది అచ్చం నిరుటి ప్లానులాగే ఉంది. జీఎం గారు ఉప్పొంగిపోయారు: “చూశారా, మనం మొదటినుంచీ ఆప్టిమమే!” ముహూర్తం పెట్టేసుకుని పంచాంగం కొనుక్కున్న వారికి పంచాంగం ఎప్పుడూ తప్పదు.

ఇక 28వ తారీఖు. నెలాఖరుకి అదనపు డిస్కౌంటు దొరుకుతుందని డీలరుకు తెలుసు, కాబట్టి 25 దాకా ఆర్డరు పెట్టడు. డీలరు ఆర్డరు పెట్టలేదు కాబట్టి కంపెనీ నెలాఖరుకి అదనపు డిస్కౌంటు ఇస్తుంది. పాపం కొలిమికి క్యాలెండర్ తెలియదు. రాత్రీ పగలూ మండుతూ రోజుకింత అని సిమెంటుకు కావాల్సిన క్లింకర్ ఇస్తూనే ఉంటుంది. మూడు వారాలు ప్యాకింగ్ దగ్గర ఈగలు తోలుకుంటారు, ఆఖరి మూడు రోజులు భోజనానికి లేవరు.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా నుంచి మెయిన్ రోడ్డు దాకా లారీలే. టోకెన్ నంబరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. లారీ పక్కన స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది, క్లీనరు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. లోపల డిస్పాచ్ క్లర్కుకి ఒక చెవిలో సేల్స్ హెడ్, ఇంకో చెవిలో డీలరు.

“సార్, నాలుగు లారీలు పంపుతున్నా, దింపుకోండి.”

“గోడౌన్‌లో చోటు లేదయ్యా.”

“దింపకపోయినా పర్లేదు సార్, బిల్లు ఈ నెల్లో పడితే చాలు.”

గేటు బయట రెండు రోజులు పడిగాపులు పడ్డ లారీకి హాల్టింగ్ డబ్బులు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. కంపెనీ ఖర్చు కాదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో దాని విలువ సున్నా. డీలరు గోడౌన్‌లో తేమ పట్టి మూడు నెలలకు పస తగ్గిపోయే సిమెంటు విలువా సున్నాయే. ఖర్చును గేటు అవతలికి నెట్టి ‘తగ్గింది’ అనడానికి సింప్లెక్స్ ఎందుకు? వాచ్‌మన్ చాలు.

మనం ఏది రాయలేదో కంప్యూటర్ దాన్నే తింటుందని డాంట్‌జిగ్‌కు అనుభవపూర్వకంగా తెలుసు. 1950ల్లో ఆయన బరువు తగ్గడానికి తన ఆహారాన్నే కంప్యూటర్ చేత లెక్కకట్టించుకున్నాడు. రోజు మెనూలో 500 గ్యాలన్ల వెనిగర్ వచ్చింది. వెనిగర్ తీసేస్తే 200 ఉప్పటి సూపు బిళ్లలు వచ్చాయి. ఉప్పుకు పైహద్దు పెట్టాలని ఎవరికీ తోచలేదు మరి. ఆయన హద్దులు రాసుకుంటూ పోయాడు. మన లెక్కలో డ్రైవరు నిద్రకు హద్దు రాశారా? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని రాసింది. పార్లమెంటు రాసిన షరతు మోడల్‌లోకి ఎక్కలేదు, బావమరిది షరతు ఎక్కింది. గేటు దగ్గర పోగొట్టుకున్న రెండు రోజులూ డ్రైవరు రాత్రుళ్లు నడిపి పూడుస్తాడు. ‘సమయానికి డెలివరీ’ శాతం పెరిగిందని డ్యాష్‌బోర్డు పచ్చగా వెలుగుతుంది.

టార్గెట్ ముందు గణితం తలవంచడం మన దగ్గరే మొదలవలేదు. కాంటొరోవిచ్ పద్ధతిలో లెనిన్‌గ్రాడ్‌లోని ఎగోరోవ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రేకులు కోస్తే తుక్కు బాగా తగ్గిందట. వెంటనే ఫ్యాక్టరీకి అక్షింతలు పడ్డాయని కథ చెప్పుకుంటారు. ఎందుకంటే తుక్కు ఇంత అప్పజెప్పాలని వాళ్లకో కోటా ఉంది, అది నిండలేదు! మన జీఎం గారికి ఈ కథ చెబితే పడిపడి నవ్వి, “అందుకే కమ్యూనిజం పోయింది” అంటారు. అని, నెలాఖరు టార్గెట్ ఎంత దూరంలో ఉందో ఫోన్లో చూసుకుంటారు.

అయితే వీళ్లు గణితమంటే భయపడేది అది ఇచ్చే ప్లానును చూసి కాదు. దానితోపాటు వచ్చే రెండో కాగితాన్ని చూసి. ఈ లెక్క చేసిన ప్రతిసారీ ఒక్కో షరతుకూ ఒక ధర కూడా వస్తుంది. ఆర్థికశాస్త్రంలో ఛాయా ధర అంటారు. ఈ షరతును ఒక్క లారీ మేర సడలిస్తే ఎన్ని రూపాయలు మిగులుతాయో అందులో ఉంటుంది. ఖమ్మం రంగు షరతుకి ఇంత, డిపో అద్దెకి ఇంత, బావమరిదికి ఇంత. కాంటొరోవిచ్ ఆ ధరల గురించే 1942లో ఓ పుస్తకం రాస్తే 1959 దాకా అచ్చు కానివ్వలేదు. తమ నిర్ణయాలకు గణితం రేటు కట్టడం అక్కడి పెద్దలకు నచ్చలేదు. 1975లో ఆయనకు నోబెల్ వచ్చిందనుకోండి.

ఆ ధరల పట్టిక మన కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. ఒక్క బటన్ నొక్కితే వస్తుంది. ఇంతవరకు ఎవరూ నొక్కలేదు. ప్లానింగ్ సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి నొక్కబోతే, “అది మనకి అక్కర్లేదు బాబూ” అని సీనియర్ గారు చెయ్యి పట్టుకున్నారు. కోట్లు పోసి కొన్నదాంట్లో పనికొచ్చే కాగితం అదొక్కటే. అదొక్కటే గోప్యం.

కాబట్టి కొనబోయే వారికి ఉచిత సలహా. సంతకం పెట్టే ముందు మిమ్మల్ని మీరే అడగండి: మా షరతుల ధరలు నోటీసు బోర్డు మీద అంటించగలమా? గలమంటే కొనండి, గణితం మీ సొమ్ము మీకు తిరిగిస్తుంది. లేమంటే ఆ కోట్లేవో నేరుగా బావమరిది చేతిలో పెట్టండి. కనీసం పండక్కి బట్టలైనా పెడతాడు.